నిమిషాలకు వేరే గడి

లా ఎస్పెరాన్సా,
4 ఫిబ్రవరి 2013

తిబూర్సియో మామయ్యకు,

నా చేతిరాత చూడగానే ఈ కాగితాన్ని పొయ్యిలో వేయరన్న ధైర్యంతో మొదలుపెడుతున్నాను. నాలుగేళ్ళలో మీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. క్రిస్మస్‌కు పంపిన చొక్కా మీకు సరిపోయిందని అమ్మ చెప్పింది. వేసుకున్నారో లేదో చెప్పలేదు, నేనూ అడగలేదు. కుడి కంట్లో పెరుగుతున్న కండ నల్లగుడ్డు దాకా వచ్చిందట కదా. ఆసుపత్రికి రమ్మంటే కాఫీ కోత అయ్యాక చూద్దామన్నారట. తుప్పు తెగులు వచ్చి ఈ ఏడు కోతే లేదంటున్నారు. ఇంక దేనికోసం ఆగుతున్నారు?

రాస్తున్నది దీనికోసం కాదు. పోయిన గురువారం నీళ్ళ కమిటీ నుంచి దోన్యా బెర్తీలియా ఫోను చేసింది. కొండ మీది లా కుచిల్లా ఇళ్ళకు మళ్ళీ నీళ్ళ పైపు వేయడానికి ఎవరో కొత్తవాళ్ళు ఒప్పుకున్నారట. "అమ్మాయ్, అప్పుడు నువ్వు చేసిన కంప్యూటర్ పట్టిక ఉందిగా, అది పంపు. పట్టిక బంగారంలాంటిది, ఇంజినీరే అన్నాడు. పాడయింది మీ మామ కళ్ళు. ఈసారి కొలవడానికి మంచి కళ్ళున్న మనిషిని పెడుతున్నాం. మొదట అప్పటి అంకెలతోనే పైపు కాలువ దారి గీస్తారు, తర్వాత కొత్తవి అందులోనే ఎక్కిస్తారు" అంది. సరే పంపుతానన్నాను. 

ఆ పట్టిక బంగారం కాదు మామయ్యా. మీ కళ్ళ తప్పేమీ లేదు. తప్పు పట్టికలో ఉంది. పట్టిక చేసింది నేను.

మీకు తెలిసిన సంగతులే మళ్ళీ రాస్తున్నాను. వరసగా రాస్తే తప్ప నా తప్పు ఎక్కడుందో చెప్పలేను. ఊట నుంచి కింద వాగు దాకా ఇంజినీరు తన మూడుకాళ్ళ యంత్రంతో కొలిచి, ఎత్తులు మీటర్లలో నాకిచ్చి వేరే ఊరి పనికి వెళ్ళిపోయాడు. వాగు నుంచి పైకి, లా కుచిల్లా శిఖరం మీద తొట్టి కట్టాల్సిన చోటు దాకా, రెండువేల ఆరువందల నలభై మీటర్ల ఎక్కుడు మన వంతు. మీ చేతిలో ఇత్తడి గొట్టం. దాని పైన నీటి బుడగ, పక్కన అర్ధచంద్రంలాంటి స్కేలు. ఇరవై మీటర్ల దూరంలో మీ కంటి ఎత్తున ఎర్రరంగు పూసిన కర్ర పట్టుకుని దోన్యా హెర్మెలిందా. శ్రమదానం వంతుకు వాళ్ళింట్లో మగదిక్కు లేదని అరవైయేళ్ళ మనిషి తనే వచ్చింది. నేను నోటు పుస్తకంతో మీ వెనకాల.

"హెర్మెలిందా, కర్ర నిటారుగా పట్టు. తాగొచ్చిన నీ మొగుడిలా ఊగుతోంది."

"వాడు పోయి తొమ్మిదేళ్ళయింది. నువ్వింకా వాడినే చూస్తున్నావంటే తేడా ఆ గొట్టంలోనే ఉంది."

"నాలుగు, యాభై!" అని అరిచేవారు మీరు. నాలుగు డిగ్రీలు, యాభై నిమిషాలు అని అర్థం. నేను పుస్తకంలో అలాగే రాసుకునేదాన్ని, పైన చిన్న సున్నా పెట్టి, పక్కన చిన్న గీత పెట్టి. అలా నూట ముప్పై రెండు మజిలీలు. పదకొండు రోజులు పట్టింది. అత్తయ్య పంపిన బీన్సు, రొట్టెలు ముగ్గురం రాతి మీద కూర్చుని తినేవాళ్ళం.

తర్వాత బడిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్సెల్‌లో వేశాను. ఏటవాలు దూరాన్ని కోణం సైన్‌తో గుణిస్తే ఎక్కిన ఎత్తు వస్తుంది. పని ఇంతే. కానీ ముప్పై డిగ్రీల సైన్ అడిగితే అర రావలసిన చోట మైనస్ సున్నా పాయింట్ తొమ్మిది ఎనిమిది వచ్చింది. సగం రోజు తల పట్టుకున్నాను. చివరికి తెలిసింది, దానికి డిగ్రీలు అర్థం కావు, రేడియన్లుగా మార్చి ఇవ్వాలి. ప్రతి కోణాన్నీ రేడియన్లలోకి మార్చే సూత్రం లోపల పెట్టి, దాని బయట సైన్ పెట్టాను. ముప్పైకి అర వచ్చింది. ఎగిరి గంతేశాను. ఇంజినీరు వచ్చి చూసి, "ఈ సంగతి పట్నంలో చదివినవాళ్ళు కూడా మరిచిపోతారు" అన్నాడు. ఆ మాట మీరు కొట్టు దగ్గర ఎంతమందికి చెప్పారో నాకు తెలుసు. "మా మేనకోడలు కొండను తీసుకెళ్ళి గడుల్లో కూర్చోబెట్టింది" అని చెప్పారట.

రేడియన్ల దగ్గర అంత జాగ్రత్తపడినదాన్ని, దానికి ముందు మెట్టు చూసుకోలేదు. మీరు "నాలుగు, యాభై" అన్నదాన్ని గడిలో 4.50 అని కొట్టాను. అంతకు ముందు మూడేళ్ళు కాఫీ కొనేవాళ్ళ దగ్గర తూకాలు రాశాను కదా. నాలుగు క్వింటాళ్ళ యాభై పౌన్లంటే 4.50. మన క్వింటాలుకు వంద పౌన్లు, అక్కడ అది సరిగ్గానే ఉంటుంది. డిగ్రీకి అరవై నిమిషాలే. యాభై నిమిషాలంటే అరకు చాలా ఎక్కువ. గడిలో పడాల్సింది 4.83. నా వేళ్ళు తూకం రాసినట్టే రాసుకుంటూ పోయాయి, ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ ఒక్క మజిలీలో పోయింది అర జానెడు, మిగతా చాలావాటిలో అంతకన్నా తక్కువే. అన్నీ ఎక్కుడే కాబట్టి ప్రతి తప్పూ ఒకే వైపుకు చేరింది. నూట ముప్పై రెండు మజిలీలకు మొత్తం ఏడు మీటర్ల డెబ్భై సెంటీమీటర్లు. తొట్టి ఊట కన్నా ఆరు మీటర్లు కింద ఉంటుందని నా కాగితం చెప్పింది. నిజంగా అది ఊట కన్నా మనిషెత్తు పైన ఉంది. నీళ్ళు ఎలా వస్తాయి?

మీరు ముందే అన్నారు, "ఎందుకొచ్చిన గొడవ అమ్మాయ్, నీళ్ళు పై ఊట నుంచి తీసుకుందాం, అది ఇంకో పదమూడు మీటర్లు ఎత్తు" అని. పై ఊట దాకా వెళ్తే ఇంకో మూడువందల మీటర్ల కాలువ తవ్వాలి. నేను నవ్వి, "అక్కర్లేదు మామయ్యా, ఆరు మీటర్లు మిగులుతోంది, కంప్యూటర్ చెబుతోంది" అన్నాను. మీరు నా ముఖం చూసి, సరే అన్నారు.

సిలువ పండుగ రోజున నీళ్ళు వదిలాం. లా కుచిల్లాలో పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ కొళాయిల ముందు బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. పైపులో గాలి బుసకొట్టింది. తర్వాత అదీ ఆగిపోయింది. సాయంత్రం దాకా ఎవరూ కదల్లేదు. హెర్మెలిందా ఒక్కతే వచ్చి మీ ముందు నిలబడింది. "అరవై రెండు రోజులు తవ్వాను తిబూర్సియో. నాకు అరవై మూడో రోజు నీళ్ళు కావాలన్నాను, అంతే కదా" అంది. తిట్టలేదు. తిడితే బావుండేది.

మరుసటి ఆదివారం ప్రార్థన అయ్యాక సభ పెట్టారు. ఇంజినీరు పట్టికంతా చూసి సూత్రాలు సరిగ్గా ఉన్నాయన్నాడు. "కోణాలు చదివిందెవరు?" అని అడిగాడు. "మా మామయ్య" అన్నాను. అది నిజమే. కానీ ఆ మాట తర్వాత అందరూ మీ కంటి వైపు చూశారు. దోన్యా బెర్తీలియా, "దోన్ తిబూర్సియో, కంట్లో కండ పెట్టుకుని కొండ కొలవడానికి ఎందుకు ఒప్పుకున్నావు? మాకు కళ్ళు లేవా, మేం చూసేవాళ్ళం కాదా?" అంది. పంతొమ్మిదేళ్ళుగా మీ మొలతాడుకు వేలాడిన మన ఊరి నీళ్ళ వాల్వు పెట్టె తాళంచెవిని విప్పి మీరు బల్ల మీద పెట్టారు. ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నా తప్పు నాకు ఎలా తెలిసిందంటే, ఇక్కడ ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ నేర్పే ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, నా తరగతికి బస్టాండులో టైములు రాసే దోన్ ఒబ్దులియో అనే పెద్దాయన వచ్చేవాడు. ఒకరోజు చెయ్యెత్తి, "మాస్టారమ్మా, నాలుగు గంటల ముప్పై నిమిషాలను నేను 4.30 అని కొడితే ప్రయాణాల మొత్తం తప్పొస్తోంది. అరగంటంటే పాయింట్ అయిదు కదా?" అన్నాడు. సుద్దముక్క నా చేతిలోనే విరిగింది. అప్పుడు తెలిసింది. తెలిశాక కూడా మీకు చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నాను.

పట్టిక ఇంకా పంపలేదు. మీరు ఏం చేయమంటే అది చేస్తాను. ఈ ఉత్తరాన్ని బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. అత్తయ్యకు నా దండాలు.

మీ చెల్లెలి కూతురు,
నోల్వియా

*

లా ఎస్పెరాన్సా,
25 ఫిబ్రవరి 2013

మామయ్యా,

మూడు వారాలయింది. ఉత్తరం మీ చేతికే ఇచ్చానని డ్రైవరు చెప్పాడు. "తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు" అన్నాడు. ఏ చొక్కా అని అడగబోయి ఊరుకున్నాను.

మీరు జవాబు రాయకపోవడమే న్యాయం. ఎందుకంటే ఆ ఉత్తరంలో ఒక అబద్ధం రాశాను. దోన్ ఒబ్దులియో చెయ్యెత్తి ఆ ప్రశ్న అడిగిన మాట నిజం. సుద్దముక్క విరిగిన మాటా నిజమే. కానీ నాకు అప్పుడు తెలియడం కాదు. అప్పటికే తెలుసు.

సభ జరిగిన ఆదివారం పొద్దున, మీరందరూ ప్రార్థనలో ఉన్నప్పుడు, నేను బడి తలుపు తీసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇంజినీరు అడుగుతాడని, ఒకసారి పుస్తకంతో సరిచూసుకుందామని. మొదటి పేజీలో మూడో వరస. పుస్తకంలో 4° 50'. తెర మీద 4.50. దాని కింద 6° 20', తెర మీద 6.20.  పక్కన ఖాళీ గడిలో, నిమిషాలను అరవైతో భాగించి, ఆ వరసకు మళ్ళీ సైన్ కట్టాను. కింది దాకా లాగాను. ఏడు మీటర్ల డెబ్భై అప్పుడే వచ్చింది. ప్రార్థన మందిరంలో మీరు పాడే చివరి పాట కిటికీలోంచి వినపడుతోంది. ఆ గడులు చెరిపేశాను. పుస్తకాన్ని సంచిలో, ఉతికిన లంగా కింద పెట్టాను.

ఈ ఉద్యోగానికి ఇంజినీరు సిఫారసు ఉత్తరం రాస్తానన్నాడు. ఆ సోమవారమే రాయాలి. నేను తప్పు చేశానంటే రాసేవాడు కాదని అనుకున్నాను. రాసేవాడేమో, నాకు తెలియదు. అడిగి చూడలేదు. మీకయితే ఊళ్ళో పేరుంది, పంతొమ్మిదేళ్ళ పేరు, ఒక్క తప్పుతో పోదు అనుకున్నాను. ఇంజినీరు "కోణాలు చదివిందెవరు?" అని అడిగినప్పుడు నాకు అంతా తెలుసు. తెలిసే "మా మామయ్య" అన్నాను.

రెండు రోజుల తర్వాత మీరు మా ఇంటికి వచ్చారు. "అమ్మాయ్, ఆ పుస్తకం ఒకసారి ఇవ్వు. నేను చదివిన అంకెలు చూసుకోవాలి" అన్నారు. వానలో తడిసి పాడయిపోయిందని చెప్పాను. మే నెల అది, ఇంకా సరిగ్గా వానలే పడలేదు. మీరు ఆకాశం వైపు చూశారు. "అలాగా" అని వెళ్ళిపోయారు. ఆ వారమే నేను బస్సెక్కాను.

ఆ పుస్తకం నాలుగేళ్ళుగా నా మంచం కింద పెట్టెలో ఉంది. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఒక్క చుక్క కూడా పడలేదు, చూడండి. ఎనిమిదో పేజీలో బీన్సు మరక ఒక్కటే ఉంది. మీ అంకెలన్నీ ఉన్నాయి. మీరు ఒక్కటి కూడా తప్పు చదవలేదు. నూట ముప్పై రెండూ మళ్ళీ వేశాను. ఇంజినీరు ఎత్తులతో కలిపితే, తొట్టి ఊట కన్నా మీటరు డెబ్భై పైన తేలింది. నీళ్ళు ఆ రోజు పైపులో ఎక్కడ ఆగాయో సరిగ్గా అక్కడే.

దోన్యా హెర్మెలిందా పోయిన సంవత్సరం చనిపోయిందని అమ్మ ఫోనులో మామూలు కబుర్ల మధ్య చెప్పింది. శిఖరం కింద రాతి దగ్గర పైపు కోసి, దారంలా కారే నీళ్ళు పట్టుకుంటున్నారట కదా, బిందె నిండడానికి అరగంట. ఆమె అక్కడికే వెళ్ళి వంతులో కూర్చునేదట. ఇంటి ముందు కొళాయిని మాత్రం శనివారం శనివారం తుడిచేదట. "ఎందుకమ్మా, ఎండిన కొళాయికి?" అంటే, "వచ్చిన రోజున మురికిగా ఉంటే బావుండదు" అనేదట. అమ్మ ఇది చెప్పి నవ్వింది. నేను కూడా నవ్వినట్టే చేశాను.

దోన్యా బెర్తీలియా మళ్ళీ ఫోను చేసింది. మార్చి పదిన సభ ఉందట, ఆ లోపల పట్టిక కావాలంది. పంపలేదు. దాన్నలా పంపితే లా కుచిల్లావాళ్ళు ఇంకో అరవై రెండు రోజులు తవ్వుతారు. కొత్త మనిషి ఎంత మంచి కళ్ళతో చదివినా నా గడుల్లోకి వచ్చేసరికి నిమిషాలు మళ్ళీ తగ్గిపోతాయి. రెండోసారి నీళ్ళు రాకపోతే ఇంక ఎవరి కళ్ళను అంటారో తెలియదు.

కాబట్టి మీరే ఈ రెండు ఉత్తరాలూ, పుస్తకమూ దోన్యా బెర్తీలియాకు ఇచ్చేయండి. సభలో చదవమనండి. నేను రాలేను. ఎనభై మంది ముందు నిలబడి ఇది చెప్పే ధైర్యం నాకు లేదు మామయ్యా. ఉన్నమాట రాశాను. మీ పేరు మీకు తిరిగి వస్తే చాలు.

నోల్వియా

*

ఎల్ గ్వయాబో,
మార్చి 5

నోల్వియా,

నేను మూడో తరగతి చదివినవాడిని. తప్పులుంటే సర్దుకుని చదువు. మీ అత్త పక్కన నిలబడి, ఇంత పెద్ద ఉత్తరం నాక్కూడా ఎప్పుడూ రాయలేదంటోంది. పెళ్ళికి ముందు కూడా ఒక్క కాగితమే రాశావంటోంది. నిజమే.

నీ ఉత్తరాలు రెండూ, పుస్తకమూ అందాయి. మొదటిది చదివి జవాబు రాయనిది కోపంతో కాదు. చదవగానే నాకు సంతోషం వేసింది. ఆ సంతోషానికి సిగ్గేసింది. నువ్వు ఉన్నది చెప్పావు, నేనింకా చెప్పలేదు. ఏం రాయాలో తోచక ఊరుకున్నాను. రెండోది వచ్చాక ఇంక ఊరుకోలేను.

కాలువ తవ్వడం మొదలుకాక ముందు సంగతి ఇది. నీ కాగితం అచ్చయి వచ్చింది. ఆరు మీటర్లు అని కింద గీత గీసి ఉంది. ఆ మరుసటి పొద్దున నేను ఊట దగ్గరికి వెళ్ళి, రాతి పక్క చెట్టుకు, నీళ్ళు పుట్టే చోటు నుంచి సరిగ్గా నా కంటి ఎత్తులో, పసుపురంగు ఎరువుల సంచి ఒకటి కట్టాను. తర్వాత వాగు దాటి లా కుచిల్లా ఎక్కాను. తొట్టి కట్టే చోట నిలబడి గొట్టాన్ని సున్నా దగ్గర పెట్టి, లోయ అవతల ఊట వైపు చూశాను. మా నాన్న కాలం నుంచి మేం చేసేది ఇదే. గొట్టం సున్నాలో ఉంటే చూపు నీటిమట్టంలా నేరుగా పోతుంది. సంచి గొట్టంలోని అడ్డగీతకు పైన కనపడితే నీళ్ళు వస్తాయి. కింద కనపడితే రావు. లెక్కలు అక్కర్లేదు.

సంచి గీతకు కింద కనపడింది.

కన్ను తుడుచుకుని మళ్ళీ చూశాను. ఎడమ కంటితో చూశాను. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ కిందే. చాలా కొంచెం, కానీ కిందే.

దిగి ఇంటికొచ్చాను. మీ అత్త "ఏమైంది, ముఖం అలా ఉంది?" అంది. "పైన మంచు, ఏమీ కనపడలేదు" అన్నాను. ఆ రోజు మంచు లేదు. ఇది ఆమెకు కూడా ఇవాళే చెబుతున్నాను. చేతిలో గరిటె పెట్టుకుని నా వైపే చూస్తోంది.

నా కంట్లో కండ ఉంది, కంప్యూటర్‌కు కండ లేదు అనుకున్నాను. అది ఒక కారణం. ఇంకో కారణం ఉంది, అదే పెద్దది. ఊరంతా తిరిగి నీ గురించి గొప్పలు చెప్పాను. ఇప్పుడు వెళ్ళి నా మేనకోడలి కాగితం తప్పు అని ఏ ముఖంతో చెప్పను? ఇంజినీరు నీకు ఉత్తరం రాస్తానన్న సంగతి నాకూ తెలుసు. ముసలాడి కన్ను తప్పు చూసి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. తవ్వమన్నాను. హెర్మెలిందా గునపం పట్టుకుని వస్తే, "నువ్వు మట్టి ఎత్తు చాలు" అన్నాను. ఆమె వినలేదు. అరవై రెండు రోజులూ నేను ఆమె పక్కనే ఉన్నాను. నోరు తెరవడానికి అరవై రెండు రోజులున్నాయి.

కాబట్టి బెర్తీలియా నిలదీస్తే తాళంచెవి ఇచ్చేసిన రోజున నేనెందుకు మాట్లాడలేదని ఆలోచించకు. వాళ్ళు నా కంటి కోసం అనుకున్నారు. నేను నా నోటి కోసం ఇచ్చాను.

పుస్తకం అడగడానికి మీ ఇంటికి వచ్చింది పేరు కోసం కాదు. నాకు తెలియాల్సింది ఒక్కటే, ఆ రోజు శిఖరం మీద నా కన్ను అబద్ధం చెప్పిందా లేదా అని. నువ్వు వానలో తడిసిందన్నావు. అబద్ధమని అప్పుడే తెలిసింది. ఎందుకు చెప్పావో తెలియలేదు. కొన్నాళ్ళకు, నా అంకెలు చాలా తప్పుగా ఉండి ఉంటాయి, మామయ్య సిగ్గుపడతాడని దాచింది అనుకున్నాను. నాలుగేళ్ళు అలాగే అనుకున్నాను. నా కన్నే దొంగదని. ఇప్పుడు పుస్తకం మొత్తం చూశాను. వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదువుతుంటే ప్రతి మజిలీలో ఎక్కడ నిలబడ్డానో గుర్తొచ్చింది. బీన్సు మరక హెర్మెలిందాది. రొట్టె చేతిలో పెట్టుకుని, నువ్వేం రాస్తున్నావో చూడటానికి వంగింది.

నిన్ను క్షమించానా అని నువ్వు అడగలేదు. మంచిదే. అది నేను చెప్పాల్సిన మాట కాదు. రాతి దగ్గర బిందె పెట్టుకుని కూర్చునేవాళ్ళు చెప్పాలి. నాకూ వాళ్ళే చెప్పాలి. ఒకరు చెప్పకుండానే పోయారు. దానికి నువ్వూ నేనూ చేయగలిగింది ఏమీ లేదు.

ఉత్తరాలు బెర్తీలియాకు ఇమ్మన్నావు. ఇవ్వను. కాగితం చదివితే ఊరు వింటుంది, తలూపుతుంది, పైపు ఎక్కడ వేయాలో అడగడానికి మనిషి ఉండదు. కాగితాన్ని నమ్మి ఒకసారి తవ్వాం. ఈసారి మనిషి రావాలి.

పదో తేదీ సభలో మొదట నేను మాట్లాడతాను, పసుపు సంచి సంగతి చెబుతాను. బెర్తీలియాతో ఆ మాట మాత్రం చెప్పి ఉంచాను. "ఏం మాట్లాడతావు దోన్ తిబూర్సియో, కంటి సంగతేనా?" అంది. "కంటి సంగతే" అన్నాను. నా తర్వాత నువ్వు మాట్లాడు. నేను తిట్లు తినేసరికి ఊరికి కొంత అలసట వస్తుంది, నీకు తక్కువ మిగులుతాయి. ఎనభై మంది అన్నావు, ఎనభై రారు. యాభై మంది వస్తారు. తుప్పు తెగులుకు సగంమంది పనులకు వలస పోయారు.

పై ఊట ఇంకా పారుతోంది. నిన్న వెళ్ళి చూసొచ్చాను. ఎండాకాలం కూడా చేతిలావు ధార ఉంది. సోమవారం నుంచి వాగు దగ్గర మొదలుపెట్టి మళ్ళీ కొలుద్దాం. మంచి కళ్ళున్న కొత్త మనిషిని గొట్టం చదవనీ, నేను పక్కన నిలబడి వాడు చూసింది చూస్తాను. పెద్ద బూట్లు తెచ్చుకో, అక్కడ బురద.

నీ పుస్తకాన్ని ఇదే బస్సులో తిరిగి పంపుతున్నాను. దాన్ని నా చేత ఇప్పించుకోకు, నువ్వే పట్టుకురా. వెనక ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి, కొత్తది కొనకు.

ఈసారి డిగ్రీలకు ఒక గడి పెట్టు. నిమిషాలకు వేరే గడి పెట్టు.

మీ మామ,
తిబూర్సియో